ట్రస్ రాడ్ (బేస్ గిటారు)

ట్రస్ రాడ్ అనగా గిటారు, బేస్ గిటారు వంటి తంత్రీ వాద్యాల మెడ లోపల పొడవునా అమర్చబడే లోహపు కడ్డీ. ఇది సాధారణంగా ఉక్కుతో తయారవుతుంది. తీగల లాగుడుకు మెడ విల్లులా వంగిపోకుండా ఎదురుబలం ఇవ్వడం, ఆ వంపును కావలసినంత మేరకు హెచ్చించడం లేదా తగ్గించడం దీని పని. కడ్డీ బయటకు కనిపించదు. దానిని బిగించే నట్టు మాత్రమే మెడ తల వద్దనో, మెడ మొండెంతో కలిసే చోటనో ఉంటుంది.

ఎలక్ట్రిక్ బేస్ గిటారు మెడ సాధారణ గిటారు మెడ కంటే పొడవైనది. దాని తీగలు లావైనవి, వాటి లాగుడు కూడా ఎక్కువ. అందువలన ట్రస్ రాడ్ రూపకల్పనలోని లోటుపాట్లు ఈ వాద్యంలో త్వరగా బయటపడతాయి. 1951 నుండి ఇప్పటివరకు ఈ కడ్డీ ఆకారం, దానిని చొప్పించే మార్గం, బిగించే చోటు, అది పనిచేసే దిశ అనేక మార్పులకు లోనయ్యాయి. ఒక్కొక్క మార్పు ఒక చిక్కును తీర్చి, తరచు మరొక చిక్కును తెచ్చిపెట్టింది. ఇదే సమస్యకు ఆంధ్రదేశపు వీణ తయారీదారులు కడ్డీతో పనిలేని మరొక పరిష్కారాన్ని అనుసరిస్తున్నారు.

పేరు

ఇళ్ళ కప్పులకు, రేకుల షెడ్లకు, వంతెనలకు ఆధారంగా బిగించే దూలాల అల్లికను ట్రస్సు అంటారు. బరువు వలన కుంగిపోయే భాగాన్ని లాగి పట్టి ఉంచడం ట్రస్సు లక్షణం. గిటారు మెడలోని కడ్డీ కూడా అదే పని చేస్తుంది కనుక దీనికి ట్రస్ రాడ్ అనే పేరు వచ్చింది. రాడ్ అనగా కడ్డీ. తెలుగునాట వాద్యాలు బాగుచేసేవారు, వాయించేవారు దీనిని ట్రస్ రాడ్ అనే వ్యవహరిస్తారు.

అవసరం

విల్లుకు నారి బిగిస్తే బద్ద వంగుతుంది. గిటారు మెడ విషయంలోనూ జరిగేది ఇదే. తీగలు మెడ ఉపరితలానికి కొంచెం పైన, ఒకే పక్కన ఉంటాయి. అవి లాగినప్పుడు మెడ రెండు కొనలూ తీగల వైపుకు లేచి, నడుమ భాగం తీగలకు దూరమవుతుంది. అప్పుడు తీగకూ ఫ్రెట్లకూ మధ్య ఎడం పెరిగి, వేలితో నొక్కడం కష్టమవుతుంది. బలంగా నొక్కినందువలన తీగ సాగి, స్వరం కొద్దిగా హెచ్చుతుంది.

నాలుగు తీగల బేస్ గిటారులో తీగలను ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. వీటి పౌనఃపున్యాలు వరుసగా సుమారు 41, 55, 73, 98 హెర్ట్జులు. ఇంత తక్కువ పౌనఃపున్యం పలకడానికి తీగ లావుగా, పొడవుగా ఉండాలి. ప్రామాణిక బేస్ గిటారులో మోగే తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. ఎలక్ట్రిక్ గిటారులో ఇది తరచు 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. మధ్యరకం తీగలు వేసినప్పుడు బేస్ గిటారు నాలుగు తీగల మొత్తం లాగుడు సుమారు 75 నుండి 80 కిలోల బరువుకు సమానం. ఆరు తీగల ఎలక్ట్రిక్ గిటారులో ఇది 45 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది.

మెడ పొడవు పెరిగినప్పుడు వంపు అంతకంటే వేగంగా, పొడవు యొక్క వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. రెండు వాద్యాల మెడలకు ఒకే మందం, ఒకే కలప ఉన్నాయనుకుంటే, పొడవు, లాగుడు రెండూ కలిసి బేస్ మెడను దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వంచుతాయి.

దీనికి తేలికైన విరుగుడు మెడ మందాన్ని పెంచడం. బద్ద మందం రెట్టింపైతే దాని బిరుసుదనం ఎనిమిది రెట్లవుతుంది. కాని బేస్ మెడను వాయించేవారు ఎడమ చేతి పిడికిలిలో పట్టుకొని వాయిస్తారు. చేతికి ఇమడని మెడ ఎంత బలమైనదైనా పనికిరాదు. పలుచని మెడ కావాలి, అది వంగకూడదు. ఈ రెండు కోరికల మధ్య వైరుధ్యం నుండే ట్రస్ రాడ్ పుట్టింది.

కొద్దిపాటి వంపు

మెడ పూర్తిగా నిటారుగా ఉండాలన్నది సరైన అభిప్రాయం కాదు. మోగుతున్న తీగ నడుమ భాగం ఎక్కువగా, కొనలు తక్కువగా ఊగుతాయి. మెడ గీత గీసినట్లు నిటారుగా ఉండి తీగలు బాగా దగ్గరగా ఉంటే, ఊగే తీగ ఫ్రెట్లకు తగిలి గరగర శబ్దం వస్తుంది. అందువలన మెడ నడుమ భాగంలో చిన్న పల్లం ఉంచుతారు. దీనిని రిలీఫ్ అంటారు. బేస్ గిటారులో ఇది ఏడవ, ఎనిమిదవ ఫ్రెట్ల దగ్గర సాధారణంగా 0.3 మి.మీ. ప్రాంతంలో, అనగా ఒక విజిటింగ్ కార్డు మందమంత ఉంటుంది. తీగల లావు, వాయించే బలం బట్టి ఇది మారుతుంది. వేళ్ళతో మృదువుగా వాయించేవారికి తక్కువ రిలీఫ్ చాలు, బలంగా మీటేవారికి కొంచెం ఎక్కువ కావాలి.

కనుక ట్రస్ రాడ్ చేయవలసిన పని వంపును తుడిచివేయడం కాదు. వంపును కొలత ప్రకారం నిలిపి ఉంచడం.

పనిచేసే విధానం

తొలి నాటి నుండి వాడుకలో ఉన్న ఏకదిశ కడ్డీని మెడలో తిన్నగా కాక కొంచెం వంపుగా తవ్విన గాడిలో ఉంచుతారు. ఈ గాడి నడుమ భాగం మెడ వెనుక వైపుకు లోతుగా, కొనలు ఫింగర్‌బోర్డుకు దగ్గరగా ఉంటాయి. కడ్డీ ఒక కొనను కదలకుండా బిగిస్తారు. రెండవ కొనకు మర చుట్లు కోసి నట్టు తొడుగుతారు. నట్టును బిగించినప్పుడు కడ్డీ సాగి నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో మెడ నడుమ భాగాన్ని తీగల వైపుకు నెడుతుంది. తీగలు మెడను ఒక వైపుకు వంచుతుండగా, కడ్డీ రెండవ వైపుకు వంచుతుంది. ఈ రెండు బలాలు సరితూగిన చోట మెడ నిలుస్తుంది.

ఈ విధానంలో ఒక పరిమితి ఉన్నది. నట్టును వదులు చేస్తే కడ్డీ బలం తగ్గుతుందే తప్ప, అది మెడను తీగల దిశలో వంచలేదు. మెడ ఏ కారణం వలననైనా వెనుకకు వంగిపోతే ఏకదిశ కడ్డీ దానిని సరిచేయలేదు. మరింత లావైన తీగలు వేసి, వాటి లాగుడుతో మెడను ముందుకు తేవడమొక్కటే మార్గం.

చరిత్ర

తొలి దశ

సర్దుబాటు చేయగల ట్రస్ రాడ్‌కు ప్రాచుర్యం తెచ్చినది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం కలమజూ పట్టణంలోని గిబ్సన్ సంస్థ. ఆ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1923లో పేటెంటు మంజూరయింది. ఆ కాలంలో అమెరికా పేటెంటు మంజూరైన తేదీ నుండి 17 సంవత్సరాలు చెల్లేది. కనుక 1940 తరువాత ఈ పద్ధతిని ఎవరైనా వాడుకొనే వీలు కలిగింది.

బేస్ స్వరాలు పలికే ఫ్రెట్ల ఎలక్ట్రిక్ వాద్యాన్ని 1930ల మధ్యలో సియాటిల్ నగరానికి చెందిన పాల్ టుట్‌మార్క్ ఆడియోవాక్స్ పేరుతో తయారు చేశాడు. అది కొద్ది సంఖ్యలోనే అమ్ముడైంది. అప్పటికి వాద్యబృందాలలో బేస్ అంటే నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ మాత్రమే.

ఫెండర్ ప్రెసిషన్ బేస్

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ గట్టి మేపుల్ కలప మెడకు ట్రస్ రాడ్ అవసరం లేదని మొదట భావించాడు. 1950లో వెలువడిన తొలి ఎస్క్వైర్ గిటార్లలో కడ్డీ లేదు. వాటి మెడలు వంగిపోవడంతో ఆ సంవత్సరమే కడ్డీని చేర్చవలసి వచ్చింది. ఈ అనుభవం తరువాత 1951లో విడుదలైన ప్రెసిషన్ బేస్‌లో ఆరంభం నుండీ ట్రస్ రాడ్ ఉన్నది. 34 అంగుళాల తీగ పొడవును ప్రామాణికం చేసినదీ ఈ వాద్యమే.

ప్రెసిషన్ బేస్ తొలి మెడలు ఒకే మేపుల్ చెక్కతో చేసినవి. వేరే ఫింగర్‌బోర్డు లేదు, ఫ్రెట్లను నేరుగా మెడలోనే దిగగొట్టేవారు. అందువలన కడ్డీని మెడ వెనుక నుండి చొప్పించి, ఆ గాడిని వాల్‌నట్ చెక్క పట్టీతో మూసేవారు. లేత రంగు మెడ వెనుక కనిపించే ఈ ముదురు చార ఫెండర్ మెడలకు గుర్తుగా మిగిలింది. 1959లో రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డును వేరుగా అతికించడం మొదలైనప్పుడు, గాడిని ముందు వైపు తవ్వి, కడ్డీ పెట్టి, పైన ఫింగర్‌బోర్డు అతికించారు. వెనుక చార అవసరం లేకపోయింది. 1960లో వచ్చిన జాజ్ బేస్ ఈ పద్ధతిలోనే తయారైంది.

ఈ మెడలలో నట్టు మొండెం వైపు కొనలో ఉండేది. దానిని తిప్పడానికి మెడ మరలు వదులు చేసి మెడను ఎత్తవలసి వచ్చేది, లేదా పూర్తిగా విప్పవలసి వచ్చేది. అలా చేయడానికి ముందు తీగలు వదులు చేయాలి. తిప్పిన తరువాత మెడను తిరిగి బిగించి, తీగలను శ్రుతి చేసి, ఫలితం చూడాలి. చాలకపోతే మళ్ళీ అంతా మొదటి నుండి చేయాలి. రూపం శుభ్రంగా ఉన్నా, ఈ శ్రమ వలన చాలామంది సర్దుబాటు జోలికి పోయేవారు కాదు.

తల వైపు నట్టు

గిబ్సన్ వాద్యాలలో నట్టు మొదటి నుండీ తల వైపునే, ఒక చిన్న మూత కింద ఉండేది. 1953లో వచ్చిన గిబ్సన్ ఎలక్ట్రిక్ బేస్‌లోనూ ఇదే పద్ధతి. మూత తీసి, తీగలు శ్రుతిలో ఉండగానే నట్టును తిప్పవచ్చు. ఫెండర్ సంస్థ 1965లో సీబీఎస్ చేతికి మారింది. ఆ తరువాత 1970లలో ఆ సంస్థ కూడా కొన్ని నమూనాలలో నట్టును తల వైపుకు తెచ్చింది. తుపాకి గుండు ఆకారంలో పైకి కనిపించే ఈ నట్టుకు బుల్లెట్ అనే పేరు వచ్చింది. జాజ్ బేస్‌లో ఇది 1970ల మధ్యలో ప్రవేశించింది.

ఈ మార్పు వలన సర్దుబాటు సులభమైంది. అయితే మెడ తల వైపున, తీగలు తలలోకి దిగే చోట, మెడ అన్నిటికంటే సన్నగా ఉంటుంది. నట్టు కోసం అక్కడి కలపను తొలిచినందువలన ఆ భాగం బలహీనపడుతుంది. వాద్యం కింద పడినప్పుడు తల విరగడం గిబ్సన్ తరహా మెడలలో తరచు కనిపించే ప్రమాదం. అక్కడి మెడ సన్నదనానికి, తల వెనుకకు వాలి ఉండటానికి తోడు ఈ తొలిచిన గాడి కూడా అందుకు ఒక కారణం.

1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ తెచ్చిన స్టింగ్‌రే బేస్ రూపకల్పనలో లియో ఫెండర్ పాల్గొన్నాడు. దీనిలోనూ తొలుత తల వైపు బుల్లెట్ నట్టే ఉండేది. 1984లో ఎర్నీ బాల్ సంస్థ మ్యూజిక్ మ్యాన్‌ను కొన్న తరువాత ఈ బేస్‌లో మొండెం వైపున, ఫింగర్‌బోర్డు అంచు దగ్గర బయటకు కనిపించే చిల్లుల చక్రం వచ్చింది. చిన్న ఉక్కు పుల్లను చిల్లులో దూర్చి చక్రాన్ని తిప్పవచ్చు. మెడ విప్పనక్కరలేదు, తల వద్ద కలప తొలవనక్కరలేదు. పాత రెండు పద్ధతుల దోషాలూ ఈ మార్పుతో ఒకేసారి తొలగాయి. తరువాత ఇతర తయారీదారులు కూడా ఇటువంటి చక్రాలను వాడుకలోకి తెచ్చారు.

జంట కడ్డీలు

రికెన్‌బాకర్ సంస్థ 1957లో 4000 నమూనా బేస్‌ను, 1961లో 4001 నమూనాను తెచ్చింది. 4001 మెడలో ఒకటికి బదులు రెండు కడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. లావు తీగల వైపును, సన్న తీగల వైపును విడివిడిగా సరిచేయవచ్చునన్నది దీని ఉద్దేశం. ఈ కడ్డీలు జడపిన్ను ఆకారంలో మధ్యకు మడిచినవి. రెండు కొనలూ తల వైపునే ఉండేవి. కడ్డీ పాడైతే ఫింగర్‌బోర్డు ఊడదీయకుండానే దానిని బయటకు లాగి కొత్తది వేసుకోవచ్చు. ఏకదిశ కడ్డీలో ఈ సౌలభ్యం లేదు.

కాని ఈ కడ్డీలను బిగించే తీరు వేరు. ముందు మెడను చేతితో నొక్కి కావలసిన స్థితికి తెచ్చి, ఆ తరువాత నట్టును బిగించి ఆ స్థితిని నిలపాలి. ఈ సంగతి తెలియనివారు మామూలు గిటారు మాదిరిగా నట్టునే బలంగా తిప్పేవారు. ఆ బలానికి కొన్ని వాద్యాలలో ఫింగర్‌బోర్డు మెడ నుండి ఊడి లేచిపోయింది. 1980ల మధ్యలో రికెన్‌బాకర్ కడ్డీల రూపకల్పనను మార్చి, నట్టు తిప్పడం ద్వారానే మెడ కదిలేటట్లు చేసింది. పాత, కొత్త వాద్యాలు పైకి ఒకేలా ఉంటాయి కనుక, ఏ కాలపు వాద్యమో తెలుసుకోకుండా పనిముట్టు పట్టరాదని బాగుచేసేవారు హెచ్చరిస్తారు.

కదలని కడ్డీలు

సర్దుబాటు లేని కడ్డీలు కూడా వాడుకలో ఉండేవి. డేన్‌ఎలక్ట్రో సంస్థ 1950లలో తక్కువ ధర వాద్యాల మెడలలో రెండు ఉక్కు కడ్డీలను కదలకుండా అమర్చింది. వాటికి నట్టు లేదు, తిప్పడానికి ఏమీ లేదు. అకూస్టిక్ గిటార్లకు పేరుపొందిన మార్టిన్ సంస్థ కూడా చిరకాలం కదలని ఉక్కు కడ్డీలనే వాడి, 1985లో సర్దుబాటు కడ్డీకి మారింది. కదలని కడ్డీ మెడకు బిరుసుదనం ఇస్తుంది. కాని తీగల లావు మారినా, కలప కాలక్రమంలో కదిలినా దానితో ఏమీ చేయడానికి వీలుండదు.

ద్విదిశ కడ్డీ

వెనుకకు వంగిన మెడను సరిచేయలేకపోవడం ఏకదిశ కడ్డీ లోపమని పైన చెప్పబడింది. దీనికి సమాధానంగా ద్విదిశ కడ్డీలు వచ్చాయి. ఫెండర్ సంస్థ 1983లో తెచ్చిన ఎలైట్ శ్రేణిలో బైఫ్లెక్స్ అనే ద్విదిశ కడ్డీని ప్రవేశపెట్టింది. నట్టును ఒక వైపు తిప్పితే మెడ వెనుకకు, రెండవ వైపు తిప్పితే ముందుకు వంగుతుంది.

1990ల తరువాత విస్తృతంగా వ్యాపించిన మరొక రకంలో రెండు ఉక్కు భాగాలు ఒకదానిపై ఒకటి ఉండి, రెండు కొనలలో లోహపు దిమ్మెలతో కలుస్తాయి. వీటిలో ఒకటి కదలదు. రెండవదాని కొనలలో పరస్పరం వ్యతిరేక దిశలలో మర చుట్లు ఉంటాయి. దానిని తిప్పితే దిమ్మెలు దగ్గరవుతాయి లేదా దూరమవుతాయి. ఫలితంగా కడ్డీ తానే విల్లులా వంగి, తనతోపాటు మెడను వంచుతుంది. ఈ కడ్డీకి వంపు గాడి అవసరం లేదు, నేరు గాడి చాలు. మెడ కలపను కొనల నుండి అదమదు. నేరు గాడిని యంత్రంతో త్వరగా తవ్వవచ్చు కనుక తక్కువ ధర వాద్యాలలోనూ ఇది కనిపిస్తుంది. దీని లోపం బరువు. పైగా దీనికి లోతైన గాడి కావలసి ఉన్నందువలన పలుచని మెడలో కలప తక్కువ మిగులుతుంది.

గ్రాఫైట్ మెడలు

1970లలో విమానయాన పరిశ్రమ నుండి కార్బన్ నారలతో చేసిన గ్రాఫైట్ పదార్థం వాద్యాలలోకి వచ్చింది. జెఫ్ గౌల్డ్ అనే ఇంజనీరు కాలిఫోర్నియాలోని అలెంబిక్ సంస్థతో కలిసి గ్రాఫైట్ మెడ గల బేస్‌ను రూపొందించాడు. తరువాత మాడ్యులస్ గ్రాఫైట్ అనే సంస్థ ఏర్పడింది. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తల లేని ఎల్2 బేస్‌ను తెచ్చాడు. దీనిలో ట్రస్ రాడ్ లేదు. బిరుసైన ఈ పదార్థానికి తీగల లాగుడు పెద్ద లెక్కలోనిది కాదు, తేమ దానిని కదల్చలేదు. మేపుల్ మెడలలో కొన్ని స్వరాలు త్వరగా చచ్చిపోయే లక్షణం కూడా గ్రాఫైట్ మెడలలో బాగా తగ్గింది.

ట్రస్ రాడ్ కథ ఇక్కడితో ముగిసిందని అనిపించినా, అలా జరగలేదు. మెడ కదలదు అంటే దాని రిలీఫ్ కూడా మారదు. తయారీ సమయంలో ఏర్పడిన వంపు అందరి చేతికీ, అన్ని రకాల తీగలకూ సరిపోదు. తరువాతి కాలంలో మాడ్యులస్ సంస్థే తన గ్రాఫైట్ మెడలలో ట్రస్ రాడ్ చేర్చింది. మరోవైపు కలప మెడల తయారీదారులు గ్రాఫైట్‌ను సహాయంగా వాడుకున్నారు. ఫెండర్ 1990ల మధ్య నుండి అమెరికాలో తయారైన కొన్ని బేస్‌లలో ట్రస్ రాడ్‌కు ఇరుపక్కలా సన్నని గ్రాఫైట్ కడ్డీలు అమర్చింది. బిరుసుదనం గ్రాఫైట్ నుండి, సర్దుబాటు ఉక్కు కడ్డీ నుండి వస్తాయి.

ఐదు, ఆరు తీగల బేస్‌లు

1975లో ఆంథొనీ జాక్సన్ కోసం కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ తయారు చేశాడు. 1980లలో ఐదు తీగల బేస్‌లు విరివిగా వచ్చాయి. ఐదవ తీగ చేరినప్పుడు మొత్తం లాగుడు సుమారు నాలుగవ వంతు పెరుగుతుంది. మంద్రమైన బి తీగ బిగువుగా మోగడానికి కొందరు తీగ పొడవును 35 అంగుళాలకు పెంచారు. మెడ వెడల్పవుతుంది కాని, చేతి కోసం మందం పెంచరాదు. వెడల్పు మెడ మెలి తిరిగే అవకాశం కూడా ఎక్కువ. అందుకే ఈ వాద్యాలలో అనేక చెక్కలను నిలువుగా అతికించి చేసిన మెడలు, జంట కడ్డీలు, గ్రాఫైట్ ఊతలు తరచు కనిపిస్తాయి.

వీణతో పోలిక

పొడవైన మెడ, లోహపు తీగలు, మెట్లు గల వాద్యం ఆంధ్రదేశానికి కొత్త కాదు. విజయనగరం జిల్లా బొబ్బిలి వద్దనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా పనస కలపతో వీణలు చేస్తున్నారు. ఒకే దుంగ నుండి కుండను, దండిని కలిపి మలచడం బొబ్బిలి వీణ ప్రత్యేకత. దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. వీణ దండిలో ఉక్కు కడ్డీ ఉండదు.

వీణలో ఇరవైనాలుగు మెట్లు ఉంటాయి. ఇవి దండి కలపలో దిగగొట్టినవి కావు. దండికి రెండు అంచులలో ఎత్తుగా పోసిన నల్లని మైనంపై అమర్చినవి. తేనెపట్టు మైనంలో బొగ్గుపొడి వంటివి కలిపి దీనిని తయారు చేస్తారు. కాలక్రమంలో దండి కొద్దిగా కదిలినా, మెట్లు అరిగినా, మైనం కుంగినా, తయారీదారు మైనాన్ని మెత్తబరచి ఒక్కొక్క మెట్టును చెవితో వింటూ తిరిగి కూర్చుతాడు. ఎత్తు, స్వరస్థానం రెండూ ఒకేసారి సరిపడతాయి.

రెండు వాద్యాలకూ సమస్య ఒకటే. బేస్ గిటారులో ఫ్రెట్లు మెడలో పాతుకొని ఉన్నాయి కనుక మెడనే కదిలించాలి. వీణలో మెట్లు కదులుతాయి కనుక దండిని కదిలించనక్కరలేదు. మొదటి పద్ధతిలో వాయించేవాడు ఒక పానాతో నిమిషంలో పని ముగించుకోవచ్చు. రెండవ పద్ధతికి నిపుణుని చేయి, సమయం కావాలి. కాని అందులో ప్రతి మెట్టునూ విడిగా సరిచేయవచ్చు. ట్రస్ రాడ్ మెడ మొత్తాన్ని ఒకే వంపుగా మార్చగలదే తప్ప, ఒక్క ఫ్రెట్ ఎత్తును మార్చలేదు. వీణను ఒడిలో లేదా నేలపై ఆనించి వాయిస్తారు కనుక దండి లోతుగా, వెడల్పుగా ఉండవచ్చు. నిలబడి, భుజానికి తగిలించుకొని వాయించే బేస్ గిటారుకు ఆ వెసులుబాటు లేదు.

తీరప్రాంత వాతావరణంలో

కలప గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. మెడ ఒక కలప, ఫింగర్‌బోర్డు మరొక కలప అయినప్పుడు అవి వేర్వేరు మోతాదులలో ఉబ్బడం వలన మెడ వంపు మారుతుంది. ఉక్కు కడ్డీకి తేమతో ఇటువంటి ఉబ్బు లేదు. కాని తేమకు, ముఖ్యంగా ఉప్పుగాలికి, దాని నట్టు తుప్పు పడుతుంది.

కృష్ణా డెల్టాలోని రేపల్లె, తెనాలి, సముద్రతీరాన ఉన్న బాపట్ల వంటి పట్టణాలలో గాలి తేమ సంవత్సరంలో ఎక్కువ భాగం హెచ్చుగానే ఉంటుంది. ఈ ప్రాంతపు చర్చిలలో, పెళ్ళి వాద్యబృందాలలో బేస్ గిటారు వాడుక ఉన్నది. ఎక్కువ వాద్యాలు ఇంతకంటే పొడి వాతావరణంలో తయారై వస్తాయి. అందువలన కొత్త బేస్ గిటారు ఇక్కడికి చేరిన తొలి నెలలలో మెడ కదలడం సహజం. వర్షాకాలం ఆరంభంలోనూ, చలికాలంలోనూ ఒకసారి రిలీఫ్ చూసుకోవడం మంచిది. వాద్యాన్ని ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు, గోడకు మెడను ఆనించి వదలరాదు, ఏసీ గది నుండి తెచ్చిన వెంటనే సర్దుబాటు చేయరాదు. కొన్ని గంటలు పెట్టెలోనే ఉంచి, కలప స్థిమితపడిన తరువాత కొలవాలి.

సర్దుబాటు

* తీగలను పూర్తి శ్రుతిలో ఉంచాలి. వదులు తీగలతో కొలిచిన వంపు నిజమైన వంపు కాదు.
* ఒక తీగను మొదటి ఫ్రెట్ వద్దనూ, మెడ మొండెంతో కలిసే చోటి ఫ్రెట్ వద్దనూ ఒకేసారి నొక్కాలి. అప్పుడు తీగ నేరైన కొలబద్దగా పనిచేస్తుంది. నడుమ ఏడవ, ఎనిమిదవ ఫ్రెట్ల పైన తీగ కింద ఉన్న ఎడమే రిలీఫ్.
* ఎడం ఎక్కువైతే నట్టును గడియారపు ముల్లు దిశలో బిగించాలి. తీగ ఫ్రెట్లకు అంటుకొని ఉంటే వ్యతిరేక దిశలో వదులు చేయాలి.
* ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పరాదు. ప్రతిసారీ తీగలను తిరిగి శ్రుతి చేసి చూడాలి. కలప పూర్తిగా స్పందించడానికి ఒక రోజు పట్టవచ్చు.
* నట్టుకు సరిగ్గా సరిపోయే పానా లేదా అలెన్ కీ వాడాలి. కొలత సరిపోని దానితో తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి.
* నట్టు గట్టిగా ఆగిపోతే బలం ప్రయోగించరాదు. తీగలు వదులు చేసి, మెడకు ఊతమిచ్చి, తరువాత తిప్పాలి. అప్పటికీ కదలకపోతే నిపుణునికి చూపాలి.

చివరి సూచనకు కారణం ఉన్నది. నట్టు పాడైతే మార్చవచ్చు. కాని కడ్డీ మెడలోపల తెగిపోతే, చాలా వాద్యాలలో ఫింగర్‌బోర్డును ఊడదీయకుండా దానిని తీయడం సాధ్యం కాదు. తక్కువ ధర వాద్యాలలో ఆ పనికి అయ్యే ఖర్చు వాద్యం ధరనే మించుతుంది. పావు చుట్టు తొందరపాటుకు వాద్యమే చేజారవచ్చు.

అపోహలు

తీగల ఎత్తును తగ్గించడానికి ట్రస్ రాడ్‌ను తిప్పాలన్నది బాగా వ్యాపించిన అపోహ. తీగల ఎత్తును బ్రిడ్జి వద్దనున్న మరలతో సరిచేయాలి. ట్రస్ రాడ్ మెడ వంపును మాత్రమే సరిచేస్తుంది. మొదట వంపు, తరువాత ఎత్తు, చివరగా స్వరస్థానం అన్న వరుసను పాటించాలి. చివరి ఫ్రెట్ల వద్ద మాత్రమే గరగర వస్తే అది సాధారణంగా ట్రస్ రాడ్ వలన తీరేది కాదు, ఎందుకంటే ఆ భాగం మొండెంపై ఉండి వంగదు. అలాగే మెలి తిరిగిన మెడను ఒకే కడ్డీ సరిచేయలేదు.

ట్రస్ రాడ్ ఒకసారి సరిచేస్తే చాలునన్నది మరొక అపోహ. తీగల రకం మారినప్పుడు, శ్రుతిని తగ్గించినప్పుడు, రుతువు మారినప్పుడు మెడపై పడే బలాల తూకం మారుతుంది. మెక్‌హ్యూ నాటి వంపు కడ్డీ నుండి నేటి ద్విదిశ కడ్డీ వరకు రూపం ఎంత మారినా, ఆ తూకాన్ని వాయించేవారు అప్పుడప్పుడు చూసుకోవలసిన అవసరం మాత్రం మారలేదు.